గింజ పడ్డ చప్పుడు

సీరియల్లో అత్తగారు తల తిప్పితే మూడుసార్లు ఉరుముతుంది చూడండి, ఆ ఉరుములు వేసే జాతి మనిషిని నేను. హైదరాబాదు కృష్ణానగర్ చుట్టుపక్కల స్టూడియోల్లో ఎఫెక్ట్స్ ఎడిటర్‌గా తల నెరిసింది. తలుపు కిర్రుమనడం, కాలిగజ్జెలు, కుక్కర్ కూత, చెంపదెబ్బ, అన్నీ మా చేతిమీదుగానే పోతాయి. ఈమధ్య కొన్నేళ్లుగా చిన్నచిన్న కంప్యూటర్ ఆటలకు కూడా చప్పుళ్లు కడుతున్నాను. డబ్బు తక్కువ, తలనొప్పి ఎక్కువ. అయినా ఆ పనే నాకు ఎక్కువ నచ్చుతోంది.

సినిమాకో సీరియల్‌కో పనిచేసేటప్పుడు బొమ్మ ముందే తయారై మా దగ్గరికి వస్తుంది. టీవీకైతే సెకనుకు 25 ఫ్రేములు, సినిమాకైతే 24. గ్లాసు ఏ ఫ్రేములో కిందపడిందో కళ్లెదుటే ఉంటుంది. ఆ ఫ్రేము దగ్గర చప్పుడు అతికించి ఇంటికి పోవచ్చు. ఆటలో గ్లాసు ఎప్పుడు పడుతుందో మనకు తెలియదు. ఆడేవాడు మీట నొక్కినప్పుడు పడుతుంది. వాడు నొక్కకపోతే అసలు పడదు. సరదా పుట్టి వరసగా యాభైసార్లు నొక్కాడా, యాభైసార్లూ పడుతుంది. సినిమాలో చప్పుడు బొమ్మకు తోడు. ఆటలో అది ఆడేవాడి వేలికి యంత్రం చెప్పే జవాబు. జవాబు ఆలస్యమైనా, ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు ఒకేలా వచ్చినా, ఎదుట ఉన్నది మొద్దు యంత్రమని వాడికి తెలిసిపోతుంది.

మా చెల్లెలి కొడుకు బీటెక్ రెండో ఏడు. పైథాన్ భాషలో, పైగేమ్ అనే ఉచిత లైబ్రరీ పట్టుకుని సెలవుల్లో వామనగుంటలు ఆట రాశాడు. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, మా ఇంటి లెక్క ప్రకారం గుంటకు ఐదు గింజలు. ఒక పక్క మనం, ఇంకో పక్క కంప్యూటరు. ఫోన్ చేసి, “పెద్దమ్మా, ఆట అయిపోయింది. సౌండ్ ఒక్కటే మిగిలింది. గంట పని, నువ్వు చేసిపెట్టవా?” అన్నాడు. ఈ మాట నాకు కొత్త కాదు. ఆటలు చేసేవాళ్లందరికీ సౌండ్ ఆఖర్నే గుర్తొస్తుంది, గంటలో అయిపోతుందనే ఉంటుంది.

వాడు అప్పటికే కొన్ని చప్పుళ్లు పెట్టేశాడు. ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. 2007లో థామస్ పెట్టర్సన్ అనే ప్రోగ్రామర్, లూడమ్ డేర్ అనే ఆటల తయారీ పోటీలో పాల్గొనేవాళ్ల కోసం రాశాడు. నాణెం దొరకడం, లేజరు కాల్పు, పేలుడు, దూకడం, ఇలా బటన్లుంటాయి. నొక్కినప్పుడల్లా ఆ రకంలో కొత్త చప్పుడొకటి పుట్టించి ఇస్తుంది. సంగీతం రానివాడికి, మైకు లేనివాడికి వరం లాంటిది. అంతరిక్ష యుద్ధం ఆట అయితే నేనూ అదే వాడమంటాను. కానీ చింతపిక్క గుంటలో పడ్డప్పుడల్లా నాణేల మోత “టింగ్ టింగ్” అంటుంటే, వామనగుంటలు కాస్తా జూదశాల యంత్రమై కూర్చుంది.

“గింజల చప్పుడు గింజలతోనే తీద్దాం, అమ్మమ్మ పీట పట్టుకురా” అన్నాను.

ఇంట్లో రికార్డింగ్ అంటే ముందు చప్పుళ్లను తరిమెయ్యడం. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ స్విచ్ తీసెయ్యాలి, పక్కింటి మోటారు ఆగిందాకా ఆగాలి. అందుకే రాత్రి పదకొండు దాటాక కూర్చున్నాం. కిటికీకి బొంత కట్టాం. బట్టలతో నిండిన అల్మారా తలుపులు తెరిచిపెట్టాం, గోడల మీద నుంచి తిరిగొచ్చే చప్పుడును బట్టలు పీల్చేసుకుంటాయి. మొదట పీటను పరుపు మీద పెట్టి చూస్తే చప్పుడు చచ్చిపోయింది. డైనింగ్ టేబుల్ మీద పెడితే టేబుల్ కూడా మోగింది. నేలమీద చాప పరిచి దానిమీద పెడితే కుదిరింది. మా చిన్నప్పుడు ఆడుకున్నదీ అలాగే. మైకు జానెడు ఎత్తులో, నిలువుగా కాకుండా కాస్త పక్కనుంచి పెట్టాం. నెత్తిమీద పెడితే చెయ్యి కదిలినప్పుడల్లా గాలి తగిలి “బుస్” మంటుంది.

గింజలు పంచమని మా అమ్మను కూర్చోబెట్టాం. హెడ్‌ఫోన్స్‌లో వింటుంటే మొదటి వరస సగం కాకముందే ఒక సంగతి తెలిసింది. ఖాళీ గుంటలో పడ్డ గింజ “టక్” మంటుంది, అది చెక్క మోత. అప్పటికే గింజలున్న గుంటలో పడ్డది “చిట్” మంటుంది. అది గింజకు గింజ తగిలిన మోత, పొట్టిగా పొడిగా ఉంటుంది. కళ్లు మూసుకున్నా ఏ గుంట ఖాళీయో తెలిసిపోతుంది. వామనగుంటల్లో ఖాళీ గుంట దగ్గరే కదా అసలు కథ! మా ఇంటి పద్ధతిలో, చేతిలో గింజలైపోయాక ముందున్న గుంట ఖాళీగా ఉంటే, దాన్ని వేలితో తుడిచి ఆ పక్క గుంటలో గింజలు ఎత్తుకుంటాం. అందుకని ఆటలో రెండు కుటుంబాలు పెట్టించాను. గుంటలో లెక్క సున్నా ఉంటే చెక్క చప్పుడు, ఒక్కటైనా ఉంటే గింజ చప్పుడు. కోడ్‌లో అది ఒకే ఒక్క షరతు. తుడుపు చప్పుడుకు అమ్మ వేలినే పట్టాం.

ఇలా చప్పుడుతో ఆట పరిస్థితి చెప్పడం నేను కనిపెట్టిందేమీ కాదు. 1978లో జపాన్‌లో నిషికాడో తోమోహిరో తయారుచేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో నాలుగే నాలుగు మంద్రస్వరాలు దిగుతూ తిరుగుతూ ఉంటాయి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా కదులుతారు, ఆ నాలుగు స్వరాలూ వాళ్లతో పాటు వేగం పెంచుకుంటాయి. ఆడేవాడి గుండె కూడా దాంతోపాటే పరుగెడుతుంది. అంతకు ఆరేళ్లు ముందు, 1972లో, అటారీ కంపెనీలో పాంగ్ ఆటను కట్టిన అల్ ఆల్కార్న్‌ను ఆయన యజమాని నోలన్ బుష్నెల్ జనం కేరింతలు కావాలని అడిగాడు. కేరింతలు పుట్టించే సరంజామా ఎక్కడిది? ఆల్కార్న్ అప్పటికే ఉన్న సర్క్యూట్‌లో వెతికి, అందులో తిరుగుతున్న ఒకటి రెండు పౌనఃపున్యాలను బయటికి లాగి బంతి తగిలినప్పుడు వినిపించేలా కలిపాడు. ఆ “పొంక్” ఇప్పటికీ జనం చెవుల్లో ఉంది. చేతిలో ఏమీ లేనివాడు ఉన్నదాంతో చేసిన చప్పుడు అది. ఇంట్లో ఆట చేసే పిల్లలకు నేను మొదట చెప్పేది ఆ కథే.

మా తరంలో టర్బో సీ ల్యాబులో కూర్చున్నవాళ్లకు ఇంకొకటి గుర్తుండాలి. సౌండ్ అని రాసి బ్రాకెట్లో 440 ఇస్తే కంప్యూటరు లోపలి బుల్లి స్పీకరు “కూ” మనేది. నోసౌండ్ అని రాసేదాకా ఆపేది కాదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఆ రెండో మాట మరిచిపోయేవారు, ల్యాబంతా నవ్వులు, సార్ కేకలు. ఒకసారికి ఒకే స్వరం పలికే ఆ స్పీకరుతోనే అప్పటి పిల్లలు పాములాటలు చేశారు.

మళ్లీ గింజల దగ్గరికి. మేం రికార్డు చేసింది సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కో శాంపిలు 16 బిట్లు. మోనో. అంటే ఒక సెకను చప్పుడుకు 88,200 బైట్లు. స్టీరియో అయితే దానికి రెట్టింపు. గింజకు స్టీరియో ఎందుకు? గుంట ఎడమన ఉందా కుడిన ఉందా అన్నది ఆడించేటప్పుడు రెండు చెవుల వాల్యూము మార్చి చెప్పొచ్చు. పైగేమ్‌లో ఆ వీలుంది.

కత్తిరింపు ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రాంలో చేశాం, అదీ ఉచితమే. ఈ కత్తిరింపే పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. తరంగం మధ్యగీత మీద లేనిచోట కోస్తే, అక్కడ విలువ ఒక్కసారిగా సున్నాకు పడిపోయి “టిక్” అని ముల్లు గుచ్చినట్టు వినిపిస్తుంది. గీతను దాటే చోటే కొయ్యాలి, చివర్లో కొన్ని మిల్లీసెకన్లు మెల్లగా తగ్గించాలి. ఇంకా ముఖ్యం, మొదట్లో నిశ్శబ్దం ఉండకూడదు. చప్పుడుకు ముందు పదో వంతు సెకను ఖాళీ ఉన్నా ఎడిటింగ్ తెరమీద అది చిన్న గీతలా కనబడుతుంది. ఆటలో అది శాపం.

ఆ శాపమే మావాడికి తగిలింది. “పెద్దమ్మా, గింజ పడ్డాక చప్పుడొస్తోంది, పడ్డప్పుడు రావట్లేదు” అన్నాడు. ఫైళ్లు శుభ్రంగా ఉన్నాయి. మరి ఆలస్యం ఎక్కడిది? కోడ్ తెరిస్తే రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, గింజ పడ్డ ప్రతిసారీ ఫైలును డిస్కు నుంచి కొత్తగా చదివిస్తున్నాడు. ఆట మొదలవగానే ఒకసారి చదివి దగ్గర పెట్టుకుంటే చాలు. రెండోది బఫరు. సౌండ్ కార్డుకు శాంపిళ్లు ఒక్కొక్కటిగా వెళ్లవు, గంపలకెత్తి వెళ్తాయి. గంప నిండేదాకా చప్పుడు బయటికి రాదు. ఏదో పాత పాఠంలోంచి ఎత్తిన వరసలో గంప సైజు 4,096 అని ఉంది. దాన్ని 44,100తో భాగిస్తే 93 మిల్లీసెకన్లు. తెర సెకనుకు అరవైసార్లు మారుతుంటే, ఆ లోపల ఐదు బొమ్మలు దాటిపోతాయి. 512 చేస్తే 12 మిల్లీసెకన్ల లోపే. ఇప్పటి పైగేమ్‌లో ఏమీ రాయకపోతే వచ్చే విలువ కూడా అదే. పాత పాఠాల్లో వరసలు గుడ్డిగా అంటిస్తే ఇలాంటివే మూటగట్టుకుంటాం. మరీ తగ్గించినా తిప్పలే. గంప సమయానికి నిండక చప్పుడు చిటపటలాడుతుంది.

ఇదంతా చేశాక కూడా “ఇంకా ఆలస్యంగానే ఉంది” అన్నాడు. వాడి చెవుల వైపు చూశాను. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు! చప్పుడును కుదించి, గాల్లో పంపి, అక్కడ విప్పేసరికి వాటిలోనే పదో వంతు సెకనుకు పైన పోవచ్చు. మన కోడ్ దాన్ని ఏమీ చెయ్యలేదు. ఆలస్యం సంగతి చూసేటప్పుడు తీగ ఉన్న హెడ్‌ఫోన్సే పెట్టుకోవాలి.

తరవాతి ఫిర్యాదు, గింజలు ఎక్కువగా ఉన్న గుంట పంచితే చివర్లో గింజలు గెలుచుకున్న చప్పుడు రావడంలేదని. పైగేమ్‌లో మామూలుగా ఎనిమిది ఛానెళ్లుంటాయి, అంటే ఒకేసారి ఎనిమిది చప్పుళ్లు. తొమ్మిదోదానికి చోటు లేకపోతే అది చప్పుడు చెయ్యకుండా పక్కకు తప్పుకుంటుంది, తప్పు జరిగిందని కూడా చెప్పదు. మావాడి గింజలు 80 మిల్లీసెకన్లకొకటి పడుతున్నాయి, ఒక్కో చప్పుడు ముప్పావు సెకను మోగుతోంది. లెక్క వేస్తే ఎప్పుడూ తొమ్మిది పైనే. ఛానెళ్లు పదహారు చెయ్యొచ్చు, గెలుపు చప్పుడుకు ఒక ఛానెల్ ప్రత్యేకంగా అట్టేపెట్టనూ వచ్చు. నేను మాత్రం ముందు కత్తెర తీసుకుంటాను. గింజ చప్పుడు పావు సెకను దాటి మోగాల్సిన పనేముంది? తోక కోసేస్తే ఛానెళ్ల రద్దీ దానంతటదే తగ్గింది.

అప్పుడు మా అమ్మకు చూపించాం. కళ్లజోడు సవరించుకుని చూసి, “గింజలు పంచుతున్నట్టు లేదురా, పారబోస్తున్నట్టుంది” అంది.

ఆ మాట పట్టుకుని రికార్డింగ్ మళ్లీ తెరిచాం. ఆడాసిటీలో గింజ గింజకూ ఒక శిఖరం కనబడుతుంది, మధ్య దూరం కొలవచ్చు. అమ్మ చేతిలో గింజకూ గింజకూ మధ్య ఇంచుమించు పావు సెకను ఉంది. సమానంగా లేదు కూడా. వరస చివర మలుపు తిరిగేచోట కాస్త ఎక్కువ. చేతిలో ఆఖరి గింజ మిగిలినప్పుడు ఇంకాస్త ఎక్కువ, ముందున్న గుంట చూసుకోవాలి కదా! మావాడు ఆ వ్యవధులే తీసుకుని బొమ్మ వేగం మార్చాడు. ఆట సాగదీసినట్టవుతుందని భయపడ్డాడు గానీ, తీరా చూస్తే ఆఖరి గింజ దగ్గర ఆ చిన్న ఆగడంలోనే ఉత్కంఠంతా వచ్చి చేరింది. చప్పుడు కోసం బొమ్మను మార్చడం సీరియళ్లలో నా అనుభవంలో లేదు. దర్శకుణ్ణి అడిగితే నన్ను మారుస్తాడు.

ఇక విసుగు సంగతి. ఒక ఆట పూర్తయ్యేసరికి కొన్ని వందల గింజలు పడతాయి. అన్నిటికీ ఒకే ఫైలు వాడితే నిమిషంలో మేకులు కొట్టినట్టవుతుంది. నిజం గింజలు రెండు ఎప్పుడూ ఒకేలా పడవు, చెవికి ఆ తేడా అలవాటు. అందుకని ఒక్కో కుటుంబానికి అరడజను ఫైళ్లు పెట్టి, పాచిక వేసినట్టు ఏదో ఒకటి తియ్యమన్నాం. ఇప్పుడే మోగింది వెంటనే మళ్లీ మోగకూడదని ఒక నియమం. వాల్యూము ప్రతిసారీ కొంచెం అటూ ఇటూ. శ్రుతి కూడా మార్చాలి గానీ, పైగేమ్‌లో మోగించేటప్పుడు శ్రుతి మార్చే సదుపాయం లేదు. ఆడాసిటీలోనే వేగం మూడు నాలుగు శాతం పెంచి, తగ్గించి వేరే ఫైళ్లు చేసుకున్నాం. గోడో లాంటి గేమ్ ఇంజిన్‌లో అయితే ఈ పని అదే చేసిపెడుతుంది.

రికార్డింగ్‌లో అమ్మ గాజులు కూడా పడ్డాయి. “తీసేద్దాం పెద్దమ్మా, నాయిస్” అన్నాడు. పంచే గింజల్లోంచి తీయించాను. గాజుల మోత గుర్తుండిపోయే మోత, వందసార్లు వింటే చిరాకు పుడుతుంది. కానీ గింజలు గెలుచుకుని గుప్పిట్లోకి ఎత్తుకునే చప్పుడులో గాజులు ఉంచేశాం. అది ఆటలో అప్పుడప్పుడే వస్తుంది కాబట్టి పాతబడదు. అదీ మనిషి గెలుచుకున్నప్పుడే. కంప్యూటరు గెలుచుకుంటే గింజల గలగల మాత్రమే, గాజులుండవు. తెర చూడకపోయినా ఎవరు ఎత్తుకున్నారో తెలుస్తుంది. ఈ గాజుల వల్ల ఒక చిక్కు వచ్చింది. గుప్పిటా, ఆఖరి గింజా కలిసి మోగినప్పుడు రెంటి మొత్తం 16 బిట్ల గరిష్ఠ విలువ 32,767ను దాటి, తరంగం నెత్తి తెగి బరబరమంది. అన్ని ఫైళ్లనూ 6 డెసిబెల్స్, అంటే తరంగం ఎత్తు సగానికి, తగ్గించాం. చప్పుడు చిన్నదైందనిపిస్తే ఆడేవాడు తన వాల్యూము పెంచుకుంటాడు. తెగిన తరంగాన్ని మాత్రం ఎవరూ అతికించలేరు.

నేపథ్య సంగీతం దగ్గర మాకు గొడవైంది. వాడు ఏదో సినిమా పాట బిట్ పెడతానన్నాడు. హక్కులు ఇంకొకరివి, స్నేహితులకు పంచే ఆటైనా అది తప్పే. కావాలంటే ఫ్రీసౌండ్ ఉంది. బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో మొదలుపెట్టిన చప్పుళ్ల భాండాగారం. అక్కడ కూడా ప్రతి ఫైలు కింద షరతు చదవాలి. కొన్ని ఎలాగైనా వాడుకోవచ్చు, కొన్నిటికి చేసినవాళ్ల పేరు చెప్పాలి, కొన్ని వ్యాపారానికి పనికిరావు. చివరికి నా తంబురా నాదమే ఒక అరనిమిషం పెట్టాం. ఎంపీ3గా దాస్తే చుట్టు తిరిగినప్పుడల్లా “డుక్” అని ఆగింది. ఎంపీ3 చప్పుడును 1,152 శాంపిళ్ల ముక్కలుగా కట్టి, మొదటా చివరా కొంత నిశ్శబ్దం చేరుస్తుంది. నాదం ఎడతెగకుండా తిరగాలంటే ఓజీజీ మేలు. ఎమ్ మీట నొక్కితే మొత్తం ఆగిపోవాలని కూడా పట్టుబట్టి రాయించాను. నోరు మూయించే వీలు లేని ఆటను నేను ఎవరికీ సిఫారసు చెయ్యను.

బ్రౌజర్‌లో పెట్టినప్పుడు మొదటి తెర మీద తంబురా మోగలేదు. పేజీ తెరవగానే చప్పుడు మోగకుండా 2018 నుంచి క్రోమ్ అడ్డుకుంటోంది. ఆడేవాడు ఒకసారైనా నొక్కాలి. “ఆడదాం” అని ఒక బటను పెడితే సరిపోయింది. ఫోన్‌లో చెక్క చప్పుడు పల్చబడింది, ఆ బుల్లి స్పీకర్లకు మంద్రం పలకదు. “టక్”లో పై భాగం కాస్త పెంచాం.

ఇప్పుడు వాడు చెడుగుడు ఆట మొదలుపెట్టాడు. ఈసారి సౌండ్ గురించి ముందే ఫోన్ చేశాడు, అదొక మెరుగు. కూత ఒకసారి రికార్డు చేసి లూప్ పెడితే చాలదా అంటాడు. చాలదు. దమ్ము అయిపోతున్న కొద్దీ కూత సన్నబడాలి, మాటకూ మాటకూ మధ్య సందు తగ్గాలి, చివర్లో గొంతు పట్టుకోవాలి. ఆటగాడికి ఎంత దమ్ము మిగిలిందో చూపే పట్టీ తెరమీద పెడతానన్నాడు. ఆ పట్టీ తీసెయ్యమన్నాను. ముందు కూత పెట్టేవాణ్ణి వెతకాలి. మావాడి హాస్టల్లో నెల్లూరు కుర్రాడొకడు ఉన్నాడట, ఆదివారం తీసుకొస్తానన్నాడు.